మూకీ కామెడీలు ఇప్పటికీ ఎందుకు నవ్విస్తాయి? సరిగ్గా చూపించాలంటే ఏమేం చూసుకోవాలి?

(ఒక చర్చావేదికలో అడిగిన ప్రశ్న, దానికి సభ్యుల జవాబులు. విడి వరుసలో ఉన్నవి రాసినవాళ్ల పేర్లు.)

తెరముందు (ప్రశ్న)

చాప్లిన్, బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్, లారెల్-హార్డీ లాంటి పాత హాలీవుడ్ హాస్యనటుల మూకీ కామెడీలు కొన్ని ఏరి, గంటన్నర కార్యక్రమంగా పెద్ద తెర మీద వేయబోతున్నాం. చూసేవాళ్లలో పదేళ్ల పిల్లల నుంచి అరవై దాటినవాళ్ల దాకా ఉంటారు. ఎక్కువమందికి మూకీ సినిమాని మొదటి నుంచి చివరిదాకా చూడటం ఇదే మొదటిసారి.

నెట్‌లో దొరికే కాపీల్లో మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా పరుగెడుతున్నారు. అప్పటి సినిమాలు అలాగే ఉండేవని కొందరు, అది తప్పు వేగమని కొందరు అంటున్నారు. ఏది నిజం? మామూలు ప్లేయర్‌తో సరిచేసుకోవచ్చా? సంగీతం ఎలాంటిది పెట్టాలి? ఏది ముందు వేయాలి, ఏది తర్వాత?

అసలు సందేహం ఇంకొకటి ఉంది. వందేళ్ల తర్వాత కూడా ఇవి నవ్విస్తున్నాయంటే మాటలు లేకపోవడమే కారణమని అంటుంటారు. అదే నిజమైతే, అదే కాలంలో వచ్చిన బోలెడు మూకీ కామెడీలు ఇప్పుడెందుకు నీరసంగా ఉంటున్నాయి? ఆ తేడా ఎక్కడుందో తెలిస్తే ఎంపిక కూడా తేలికవుతుంది.

చేతిక్రాంకు

ముందు వేగం సంగతి చెప్తాను. అది తప్పితే మిగతావి ఎంత బాగా చేసినా లాభం లేదు.

అప్పటి కెమెరాని క్రాంకు అనే పిడి పట్టుకుని చేత్తో తిప్పేవారు. ఒక చుట్టుకి 8 ఫ్రేములు (విడి బొమ్మలు), సెకనుకి రెండు చుట్లు, మొత్తం 16 ఫ్రేములు. ఇది పేరుకే ప్రమాణం. 1920లలో అది 18, 20, 22 అంటూ పెరుగుతూ పోయింది. ప్రొజెక్టర్ కూడా కెమెరా వేగంతోనే తిరిగేదనుకోకండి. నిమిషానికి 60 అడుగుల చొప్పున తీసిన ఫిల్ముని 80 అడుగుల చొప్పున వేయడం మామూలే. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు కాబట్టి అది సెకనుకి 21 పైచిలుకు ఫ్రేములు. అంటే కాస్త హుషారైన నడకనే అప్పటి జనం కూడా చూశారు. సౌండ్ వచ్చాక 24 స్థిరపడింది. 16లో తీసిన బొమ్మని 24లో వేస్తే వేగం ఒకటిన్నర రెట్లు. మీకు కనిపిస్తున్న పరుగు అదే.

దీనివల్ల నడక చెడటం ఒక్కటే కాదు, ఒంటి బరువు కూడా పోతుంది. మీటరు ఎత్తు నుంచి కిందపడటానికి 0.45 సెకను పడుతుంది. 16 ఫ్రేముల లెక్కన అది సుమారు ఏడు ఫ్రేములు. అవే ఫ్రేములు 24లో వేస్తే 0.3 సెకనులో అయిపోతాయి. భూమి గురుత్వాకర్షణ రెండుంబావు రెట్లు పెరిగితే ఎలా పడతాడో అలా పడతాడన్నమాట. ఒళ్లు నేలకి తగిలిందన్న నమ్మకం మనకి కలగదు. దెబ్బని నమ్మకపోతే, లేచి టోపీ దులుపుకుని నడిచిపోవడంలో నవ్వేముంటుంది?

సరిచేసుకోవడం ఇలా. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఎడమ స్క్వేర్ బ్రాకెట్ కీ నొక్కిన ప్రతిసారీ వేగం 0.1 తగ్గుతుంది, కుడిది పెంచుతుంది, ఈక్వల్ కీ మళ్లీ మామూలుకి తెస్తుంది. 20 ఫ్రేములకి ఉద్దేశించిన సినిమాని 24లో ఎక్కించి ఉంటే 20ని 24తో భాగించండి, 0.83 వస్తుంది. 0.8 దగ్గర పెడితే సరిపోతుంది.

ఏ సినిమాకి ఎంత అనేది ఛేజింగ్ సీన్లు చూసి నిర్ణయించకండి. ఛేజింగులని కావాలనే క్రాంకు నెమ్మదిగా తిప్పి తీసేవారు, తెర మీద వేగంగా కనపడాలని. గ్యాగు (నవ్వించే చిన్న ఘట్టం) లేని సీను ఒకటి తీసుకుని, వెనకాల వీధిలో పోయేవాళ్ల నడక గమనించండి. వాళ్లు మామూలుగా నడుస్తున్నట్టుంటే వేగం కుదిరినట్టే. అక్కడి నుంచి ఒక పిసరు హుషారుగా ఉన్నా తప్పులేదు. అక్కడ కుదిరాక ఛేజింగు ఎంత వేగంగా వచ్చినా దాన్ని వదిలేయండి, అది తీసినవాళ్ల ఉద్దేశమే.

ఇంకో చిక్కు. కొన్ని కాపీల్లో వేగం ముందే సరిచేసి ఉంటుంది. వీఎల్‌సీలో ఇంగ్లీషు ఇ అక్షరం కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. ప్రతి మూడో ఫ్రేమూ దాని ముందుదే మళ్లీ వస్తుంటే 16ని 24గా సాగదీశారని అర్థం. ప్రతి ఆరోది అలా వస్తుంటే 20ని 24 చేశారు. అలాంటివాటిని మళ్లీ తగ్గిస్తే నీళ్లలో నడిచినట్టవుతుంది. 1928, 29 నాటివి చాలావరకు 24 దగ్గరే బాగుంటాయి. ఇక చాప్లిన్ ‘సిటీ లైట్స్’ (1931), ‘మోడర్న్ టైమ్స్’ (1936) మాటలు తక్కువైనా, సౌండ్ ట్రాక్‌తో వచ్చిన సినిమాలు. వాటి వేగం అస్సలు ముట్టుకోవద్దు.

ఫుల్‌షాట్

వేగం తర్వాత ఫ్రేము. మూకీ సినిమా బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.33. దాన్ని ఇప్పటి వెడల్పు తెరకి నిండుగా సాగదీస్తే అందరూ లావెక్కుతారు, కత్తిరించి నింపితే ఎత్తులో పావు వంతు పోతుంది. ఆ పావు వంతులో పోయేవి సాధారణంగా పాదాలు. చాప్లిన్ నటనలో సగం పాదాల్లోనే ఉంటుంది. పక్కల నల్లటి పట్టీలు రానివ్వండి.

కనపడకుండా జరిగే నష్టం ఇంకోటుంది. సౌండ్ సినిమాలకి ఫిల్ము ఎడమ అంచున ట్రాక్ కోసం చోటు వదలాల్సి వచ్చింది. ఆ కొలతలున్న యంత్రంలో మూకీ ఫిల్ముని పెట్టి కాపీ తీస్తే ఎడమవైపు ఒక పట్టీ అంతా మాయమవుతుంది. టైటిల్ కార్డు (మధ్యలో మాటలు రాసి చూపించే పలక) దగ్గర ఆపి చూడండి. చుట్టూ ఉన్న నగిషీ గీత కుడివైపు నిండుగా ఉండి ఎడమవైపు ఇరుకుగా ఉంటే ఆ కాపీ వద్దు. టీవీ మీద వేస్తుంటే కదలికని కృత్రిమంగా నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్ కూడా.

ఇక మీ అసలు ప్రశ్న. మాటలు లేకపోవడం కారణం కాదు, మీ అనుమానం సరైనదే. నిలిచిన కామెడీల్లో పాత్రకి తెలియని సంగతి మనకి తెలుస్తుంది, అది తెలియడానికి కావలసినదంతా తెర మీద కళ్ల ముందే ఉంటుంది. ఎక్కడ ఏముంది, ఎటు నుంచి ఏం వస్తోంది, వాడు ఎటు చూస్తున్నాడు, ఈ మూడూ స్పష్టం. ఆ స్పష్టత లేని సినిమాల్లో పదిమంది ఒకేసారి దొర్లుతారు, అరుస్తారు, పిండి చల్లుకుంటారు, ఎవరికి ఏం కావాలో మనకి అర్థం కాదు. 1912లో మొదలైన కీస్టోన్ అనే అమెరికన్ కామెడీ కంపెనీ తొలి రీళ్లలో చాలా వాటి కథ ఇంతే. చారిత్రకంగా వాటి విలువ గొప్పదే, కానీ ఈనాటి హాల్లో నవ్వు రాబట్టడం కష్టం.

‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)లో ఇంటి ముఖభాగం కూలే షాట్ తీసుకోండి. తుఫాను. కీటన్ ఒక ఇంటి ముందు నిలబడి ఉంటాడు. వెనకాల రెండంతస్తుల గోడ మొత్తం ఊడి అతని మీదకి వాలుతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోట పడుతుంది, అతనికి దెబ్బ తగలదు. ఆ కిటికీకీ ఒంటికీ మధ్య ఉన్నది రెండు మూడు అంగుళాల సందు. గోడ నిజంగానే బరువైనది. తేలికగా కడితే తుఫాను కోసం పెట్టిన గాలి యంత్రాల తాకిడికి మెలితిరిగి కిటికీ పక్కకి పోయే ప్రమాదముంది కాబట్టి బరువుగానే కట్టాలి. పాదాలు గుర్తు పెట్టిన చోటు నుంచి జరగకూడదు, పైకి చూడకూడదు, భుజం కదపకూడదు.

ఈ గ్యాగు అప్పటికప్పుడు పుట్టింది కాదు. అప్పటి మరో హాస్యనటుడు ఆర్‌బకుల్‌తో కీటన్ చేసిన ‘బ్యాక్ స్టేజ్’ (1919)లో నాటకం సెట్టు అట్ట పడటంగా ఉంది, ‘వన్ వీక్’ (1920)లో ఇంటి గోడగా పెరిగింది, 1928కి తుఫాను, బరువు, ప్రమాదం అన్నీ కలిశాయి. దాదాపు పదేళ్లు ఒక్క ఆలోచనని సానబట్టిన ఓపిక అది. షాట్ మాత్రం ఒకటే, దూరం నుంచి, మనిషీ గోడా రెండూ నిండుగా కనపడేలా. ఇదే గోడని ఒక క్లోజప్, మొహాన్ని ఇంకో క్లోజప్, కిటికీని మరో షాట్‌గా ముక్కలు చేస్తే మనం నమ్మం. నమ్మకపోతే గుండె ఆగదు, గుండె ఆగకపోతే ఆ వెంటనే వచ్చే నవ్వూ రాదు.

ప్రమాదం లేని ఉదాహరణ కూడా చూడండి. చాప్లిన్ ‘ది ఇమ్మిగ్రెంట్’ (1917)లో హోటల్ సీను. బిల్లుకి పది సెంట్లు తక్కువైన ఒక మనిషిని వెయిటర్లందరూ కలిసి చితకబాదడం చాప్లిన్ కళ్లారా చూస్తాడు. తన జేబు తడుముకుంటే చిల్లు, ఉన్న ఒక్క నాణెం ఎప్పుడో జారిపోయింది. ఆ క్షణం నుంచి ఆ భారీ వెయిటరు బల్ల దగ్గరకి వచ్చిన ప్రతిసారీ మనకి ఒళ్లు బిగుసుకుంటుంది. చాప్లిన్ చేసేది చాలా చిన్న పనులు, నాణెం మీద కాలు వేయడం, వెయిటరు కళ్లలోకి చూడకపోవడం. ఆ వెయిటరుగా వేసిన ఎరిక్ కాంప్‌బెల్ లాంటి మనిషి పక్కన నిలబడితే ఆ చిన్న పనే చాలు. ఇందులో ఆకలి ఉంది, భయం ఉంది, ఎదురుగా కూర్చున్న అమ్మాయి ముందు పరువు ఉంది. అవి పాతబడే సంగతులు కావు.

లారెల్-హార్డీల ‘బిగ్ బిజినెస్’ (1929)లో తొందరే ఉండదు. క్రిస్మస్ చెట్లు అమ్మేవాళ్లు ఒకడి ఇంటిని పగలగొడతారు, వాడు వీళ్ల కారుని పగలగొడతాడు. ఒకడు పగలగొడుతుంటే రెండోవాడు అడ్డుకోడు, ఊరికే నిలబడి చూస్తాడు, పూర్తయ్యాక తన వంతు మొదలుపెడతాడు. ఆ ఆగడంలోనే మనం తర్వాతి దెబ్బ ఊహించుకుంటాం. దర్శకులు ఆ విరామాన్ని కత్తిరించకుండా ఉంచారు కాబట్టే అది ఇంకా పనిచేస్తోంది.

ఎంపికకి ఒక పరీక్ష: శబ్దం ఆపి, టైటిల్ కార్డులు చదవకుండా ఐదు నిమిషాలు చూడండి. వాడికి ఏం కావాలి, ఏది అడ్డం, ఇది మీరు చెప్పగలిగితే ఉంచండి. లేకపోతే ఎంత పెద్ద పేరున్నా పక్కన పెట్టండి.

తెరముందు

చాలా ఉపయోగంగా ఉంది. ఇ కీతో చూస్తే ఒక కాపీలో ప్రతి ఆరో ఫ్రేమూ రెండుసార్లు వస్తోంది, దాన్ని అలాగే ఉంచేస్తాం. ఇంకో కాపీ 0.8 దగ్గర నడక చక్కగా కుదిరింది, కానీ దాంతోపాటు ఉన్న పియానో నీరసించిపోయింది. సంగీతం విడిగా పెట్టాలా? టైటిల్ కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి, చిన్నపిల్లలకి ఎవరైనా చదివి వినిపించాలా?

పియానోపక్క

విడిగానే పెట్టండి. వీడియోని మ్యూట్ చేసి సంగీతాన్ని వేరే ప్లేయర్‌లో నడిపితే వేగం మార్చినా తాళం చెడదు.

ఎక్కువమంది చేసే పొరపాటు, మొదటి నుంచి చివరిదాకా ఒకే గంతులేసే పియానో పెట్టేయడం. పది నిమిషాలకి చెవి అలిసిపోతుంది, కళ్లు కూడా దానితో మూసుకుపోతాయి. రెండు రీళ్ల (ఇరవై, పాతిక నిమిషాల) సినిమాకి ఐదారు భాగాలు చాలు. సంగీతం సీను మారినప్పుడు మారాలి, గ్యాగు గ్యాగుకీ మారకూడదు. పడ్డప్పుడల్లా తాళాలు మోగించడం, జారినప్పుడల్లా ఈల వేయడం పూర్తిగా మానేయండి. అప్పట్లో థియేటర్లలో డ్రమ్ము వాయించేవాళ్లు అలాంటివి చేసేవారు, నిజమే. కానీ కీటన్ లాంటివాళ్ల గ్యాగుల్లో మొహం కదలకపోవడమే నవ్వు తెప్పించేది. ‘ఇక్కడ నవ్వండి’ అని శబ్దం చెప్పేస్తే ఆ మొహానికి చేసే పని ఏమీ మిగలదు.

చాప్లిన్ స్వయంగా తన సినిమాలకి సంగీతం కూర్చినప్పుడు హాస్యపు బాణీలు కాకుండా సొగసైన, ప్రేమ పాటల్లాంటి బాణీలు కోరుకున్నాడు. తెర మీది అల్లరికి అది ఎదురుగా నిలబడాలని. ఆ పద్ధతి మీకూ పనికొస్తుంది. సీను ఎంత గందరగోళంగా ఉన్నా సంగీతం తన మర్యాద తప్పకూడదు. పెద్ద గ్యాగు ముందు రెండు మూడు సెకన్లు పూర్తిగా ఆపేస్తే ఇంకా మంచిది. ఇంటి గోడ కూలేచోట అలా చేసి చూడండి.

వాల్యూమ్ రిహార్సల్‌లో ఖాళీ హాల్లో పెట్టుకున్నదాని కంటే కాస్త తగ్గించండి. జనం నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది, దాన్ని స్పీకరు మింగేయకూడదు. ఇవి హాలు నిండా జనం కోసం తీసిన సినిమాలు. లాయిడ్ తన సినిమాలని విడుదలకి ముందే ప్రేక్షకులకి చూపించి, వాళ్లు ఎక్కడ నవ్వారో ఎక్కడ నవ్వలేదో చూసుకుని మళ్లీ కత్తిరించేవాడు. నవ్వు అణిగేదాకా తర్వాతి ముఖ్యమైన పని మొదలవదు. ఒంటరిగా ఫోనులో చూసినప్పుడు అక్కడక్కడ సాగినట్టనిపించేది అందుకే.

టైటిల్ కార్డులు చదివి వినిపించవచ్చు. జపాన్‌లో బెన్షీలు ప్రతి మూకీకి తెర పక్కన నిలబడి కథ చెప్పేవారు, అదొక పెద్ద కళ. మీకు అంత అవసరం లేదు. కార్డు రాగానే మామూలు గొంతుతో తెలుగులో ఒక్కసారి చెప్పండి, కార్డు పోయేలోపు ఆపేయండి. బొమ్మ నడుస్తున్నప్పుడు ఒక్క మాట కూడా వద్దు. ‘ఇప్పుడు చూడండి’ అన్న మాట ముఖ్యంగా వద్దు.

ఫుల్‌షాట్

బెన్షీ మాట వచ్చింది కాబట్టి చిన్న సవరణ: కీటన్ సినిమాల్లో కార్డులు మరీ తక్కువ. చదివేవాళ్లు ముందే చూసుకుని సిద్ధంగా ఉండాలి, లేకపోతే చాలాసేపు ఖాళీగా కూర్చుని ఒక్కటి వచ్చినప్పుడు తడబడతారు.

మచ్చలరీలు

వరుస గురించి ఎవరూ చెప్పలేదు. గంటన్నరకి నా లెక్క ఇది. ముందు ‘ది ఇమ్మిగ్రెంట్’, వేగాన్ని బట్టి 20 నుంచి 25 నిమిషాలు. పడవ ఊగే సీనుతో మొదలవుతుంది కాబట్టి పిల్లలు వెంటనే పట్టుకుంటారు. తర్వాత ‘బిగ్ బిజినెస్’, 19 నిమిషాలు. చివర కీటన్ ‘షెర్లాక్ జూనియర్’ (1924), 45 నిమిషాలు. మొదట్లోనే పెద్ద సినిమా పెడితే కొత్తవాళ్ల కళ్లకి ఈ పద్ధతి అలవాటయ్యేలోపు సగం అయిపోతుంది.

‘షెర్లాక్ జూనియర్’లో ప్రొజెక్టర్ నడిపే కుర్రాడు కలలో తెరలోకి నడిచి వెళ్తాడు. లోపల సీను మారిపోతుంటుంది: తోట, వీధి, కొండ అంచు, సింహాలు, సముద్రం మధ్య రాయి, మంచు. అతను మాత్రం ఉన్నచోటే ఉంటాడు. రాయి మీద నుంచి నీళ్లలోకి దూకబోతే మంచులో తలకిందులుగా దిగబడతాడు. ఇది ట్రిక్కు ప్రింటింగ్‌తో చేసింది కాదు. ప్రతి చోటా కెమెరాకీ కీటన్‌కీ మధ్య దూరం కొలత పనిముట్లతో కొలిచి, ఒంటి భంగిమ అంతకు ముందు షాట్‌తో అచ్చు కలిసేలా నిలబెట్టి తీశారు. కట్ దగ్గర ఆపి రెండు ఫ్రేములు పక్కపక్కన చూడండి, పిల్లలకి తర్వాత చూపించడానికి కూడా బాగుంటుంది. ఇదే సినిమాలో నీళ్ల ట్యాంకు గొట్టం నుంచి నీళ్లు మీద పడే షాట్‌లో అతని మెడ ఎముక చిట్లింది. ఆ సంగతి ఎన్నో ఏళ్ల తర్వాత డాక్టరు ఎక్స్‌రే చూసినప్పుడు గానీ బయటపడలేదు.

లాయిడ్ కావాలంటే ‘సేఫ్టీ లాస్ట్’ (1923) పూర్తిగా వేసి పక్కన ఒక్క పొట్టి సినిమా పెట్టండి. అది 73 నిమిషాలు. దయచేసి లాయిడ్ గడియారం ముల్లుకి వేలాడే ముక్క ఒక్కటే వేయకండి. ఆ ఎత్తైన భవనం గోడ ఎక్కాల్సింది అసలు లాయిడ్ కాదు, అతని స్నేహితుడు. పోలీసు వెంటపడటంతో ఆ స్నేహితుడు ‘ఇంకొక్క అంతస్తు ఎక్కు, నేనొచ్చేస్తా’ అంటూ పోతాడు. ప్రతి అంతస్తులో కొత్త బెడద: పావురాలు, మీదపడే వల, గడియారం, ప్యాంటులోకి దూరే ఎలుక. ఆ ‘ఇంకొక్క అంతస్తు’ పేరుకుంటూ రావడంలో ఉంది నవ్వంతా. ముక్కగా చూస్తే పోస్టరు చూసినట్టే.

అది ఎలా తీశారన్నది పిల్లలు తప్పకుండా అడుగుతారు. లాస్ ఏంజెలెస్‌లో నిజమైన భవనాల పైకప్పుల మీద గోడ సెట్టు కట్టి, కింద వీధి కనపడేలా కోణం పెట్టి తీశారు. అంతస్తులు పెరిగేకొద్దీ ఇంకా ఎత్తైన భవనాలకి మారారు. ఫ్రేము బయట కొద్ది అడుగుల కింద పరుపులు వేసిన వేదిక ఉంది. బాగా దూరపు షాట్లలో ఎక్కేది వేరేవాళ్లు. అంతమాత్రాన తేలిక అనుకోవద్దు: 1919లో ఒక బాంబు పేలి లాయిడ్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. గడియారం ముల్లుకి వేలాడేది ఆ చేతికి తొడుగు వేసుకునే.

ముందుగా మొత్తం చూడకుండా ఏదీ వేయకండి. ఆ కాలపు అమెరికన్ కామెడీల్లో నల్లవాళ్లని వెక్కిరించే గ్యాగులు, మొహానికి నల్లరంగు పూసుకున్న వేషాలు ఉన్నాయి. కీటన్ ‘సెవెన్ ఛాన్సెస్’ (1925), ‘కాలేజ్’ (1927)లో కూడా. పిల్లల ముందు అలాంటివి వేయాలంటే వివరించి వేయాలి, లేకపోతే వేరేది ఎంచుకోవాలి.

రాత్రి సీన్లు పట్టపగల్లా కనిపిస్తే కాపీ చెడిపోయిందని కంగారు పడకండి. పగలే తీసి, ప్రింటుకి నీలం రంగు అద్ది రాత్రి చేసేవారు. నలుపు తెలుపు కాపీల్లో ఆ రంగు పోయింది. రంగు నిలిపిన కాపీ దొరికితే అదే వేయండి.

‘ది గోల్డ్ రష్’ ఎప్పుడైనా వేస్తే రెండు రూపాలున్నాయని గుర్తుంచుకోండి. 1925 నాటి మూకీ ఒకటి, 1942లో చాప్లిన్ తన గొంతుతో కథనం చెప్పి, కార్డులు తీసేసి, పొట్టి చేసి విడుదల చేసింది ఇంకొకటి. మీలాంటి కార్యక్రమానికి 1925దే మేలు. బూటు వండుకుని తినే సీనులో చాప్లిన్ మేకుల్ని ఎముకల్లా చప్పరిస్తుంటే మధ్యలో గొంతు వినిపించడం ఏం బాగుంటుంది!

హక్కుల విషయం: 1929 దాకా విడుదలైనవి అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేశాయి, అంటే అక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. కానీ కొత్తగా బాగుచేసిన కాపీలకి జతచేసిన సంగీతానికి విడిగా హక్కులుంటాయి. మీరెలాగూ మ్యూట్ చేసి వేరే సంగీతం పెడుతున్నారు కాబట్టి, ఆ సంగీతం హక్కులు కూడా ముందే చూసుకోండి.

చేతిక్రాంకు

పైన చెప్పిన వరుసకి వేగాలు కూడా రాసిపెట్టుకోండి. ‘ఇమ్మిగ్రెంట్’ కాపీ 24లో ఉండి, సాగదీసి లేకపోతే 0.8. ‘షెర్లాక్ జూనియర్’కి 0.9తో మొదలుపెట్టి ఇంట్లో జరిగే మొదటి సీన్లలో నడక చూసి నిర్ణయించండి. ‘బిగ్ బిజినెస్’ ఉన్నదున్నట్టే. నిడివి సరిపోల్చాలంటే అడుగులని 16తో గుణించి, ఫ్రేముల వేగంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. 1,900 అడుగుల రెండు రీళ్లు 24లో 21 నిమిషాలు, 20లో 25 నిమిషాల పైన. మూడు ఫైళ్లనీ ఒకే ప్లేలిస్టులో పెడితే వేగం ఒకదాని నుంచి ఇంకోదానికి అలాగే వచ్చేస్తుంది, కాబట్టి సినిమా మారిన ప్రతిసారీ ఈక్వల్ కీ నొక్కి, మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోండి.